గోడ లేచాక కోసిన కిటికీ

దుంగల ఇల్లు వచ్చిందన్న కబురు నాకు మొదట తెచ్చినవాడు మా స్టోర్‌కీపర్ యాదగిరి. తొంభైల మధ్య సంగతి. దోహాలో ఒక వడ్రంగి కార్ఖానాలో నేను డ్రాయింగులు గీసేదాన్ని. ఒక ఉదయం బల్ల మీద ట్రేసింగ్ కాగితం పరుచుకుంటుంటే అతను తలుపు దగ్గర నిలబడి, "మేడమ్, ఇల్లొచ్చింది," అన్నాడు.

"ఎవరి ఇల్లు?"

"తోట అర్బాబుది. కంటైనర్ల ఒచ్చింది. తెరిచి జూస్తె మొత్తం మొద్దులే. ఇంజనీర్ సాబేమో గదే ఇల్లు అంటుండు. నేను రిజిస్టర్ల ఏమని రాయాలె? ఇల్లని రాయాల్నా, కట్టెలని రాయాల్నా?"

అర్బాబు అంటే యజమాని. ఆయన ఒక చలికాలం ఫిన్లాండ్ వెళ్ళి, అక్కడ చెట్టు దుంగలు పేర్చి కట్టిన ఇంట్లో ఉండి వచ్చాడు. దోహాకు ఉత్తరాన ఉన్న తన తోటలో వాళ్ళమ్మగారికి అలాంటి ఇల్లు కట్టించాలని ముచ్చటపడ్డాడు. ఆ ఎడారిలో దుంగల ఇల్లేమిటని మేమందరం నవ్వుకున్నాం. ఇప్పుడు కాకినాడలో మా మేడ మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఇరవై మూడేళ్ళ ఉద్యోగంలో మళ్ళీ ఒక్కరోజు తిరిగి ఇస్తామంటే ఏ రోజు అడుగుతావని ఎవరైనా అడిగితే, ఆ ఇంటి దగ్గరి రోజే అడుగుతాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే ఆడపిల్లలు నన్ను జీతాల గురించి, వీసాల గురించి, ఏ కంప్యూటర్ నేర్చుకోవాలన్నదాని గురించి అడుగుతారు. అవి చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు. నేను ఒక ఇంటి గురించి, అందులో నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను.

ఇంటి చదువు

నాకు ఎనిమిదో ఏట కీళ్ళ జ్వరం వచ్చి గుండె మీద పడిందని డాక్టరు చెప్పాక బడి మానిపించారు. మా నాన్నగారు మునిసిపాలిటీలో ప్లాన్లు గీసేవారు. అక్షరాలు, లెక్కలు, ఇంగ్లీషు, ఆఖరికి టీ-స్క్వేరు పట్టుకోవడం దాకా అన్నీ ఆయన దగ్గరే. మెట్రిక్ ప్రైవేటుగా కట్టాను. నాకు సర్టిఫికెట్లు తక్కువ, దైవం ఇచ్చిన గురువు మాత్రం ఇంట్లోనే దొరికాడు. అందుకు ఈ రోజుకీ పొద్దున దీపం పెట్టేటప్పుడు కృతజ్ఞత చెప్పుకుంటాను.

నాన్నగారు ప్లాను గీసిన ఇళ్ళకు ద్వారబంధం నిలబెట్టే రోజున నన్ను వెంట తీసుకెళ్ళేవారు. పునాది మీద ఇంకా ఒక్క ఇటుక వరస కూడా లేవకముందే గుమ్మం చట్రాన్ని నిలబెట్టి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, మామిడాకులు కట్టేవారు. ఆ తర్వాతే గోడ లేచేది. కిటికీలకైనా అంతే. గోడ ఆ ఎత్తుకు రాగానే చట్రం నిలబెట్టి, దాన్ని ఆనించి ఇటుకలు కట్టుకుంటూ పోవాలి. ముందు దారి, తర్వాత గోడ. ఇల్లంటే అలాగే పుడుతుందని నేను అనుకునేదాన్ని. ఇంకో విధంగా కూడా పుట్టొచ్చన్న ఊహే నాకు లేదు.

పెళ్ళయ్యాక మావారి ఉద్యోగంతో దోహా వచ్చాను. ఫరీజ్ బిన్ మహమూద్‌లో రెండు గదుల ఫ్లాటు. ఉన్న ఒక్క కిటికీ గాలిగొట్టం లాంటి సందులోకి తెరుచుకునేది, అందులోనూ సగం ఏసీ. దేవుడి పటం వంటింటి అల్మారాలో ఉండేది. తలుపు తీస్తే గుడి, వేస్తే అల్మారా. రోజంతా ఆఫీసులో ఎవరెవరి ఇళ్ళకో కిటికీలు గీసి, సాయంత్రం ఆ సందు ముందు కూర్చుని కూర తరుక్కునేదాన్ని.

తలుపు లేని ఇల్లు

దుంగలతో పాటు ఫిన్లాండ్ నుంచి యూహా అనే పెద్ద మేస్త్రీ వచ్చాడు. అరవై దాటిన మనిషి. మాట తక్కువ, చేతులు పెద్దవి. మా వాళ్ళు ఆయన్ని తాత అని పిలిచేవారు, ఆయన పలికేవాడు. ఆయనకు సాయంగా మా కార్ఖానా నుంచి వెళ్ళిన వడ్రంగుల్లో పెద్దవాడు లింబాద్రి.

లింబాద్రిది ఆర్మూరు దగ్గర పల్లె. తాతల నాటి నుంచి వడ్రంగం. ఊళ్ళో అందరూ ఇనుప కిటికీలకు మారాక పని లేక ఖతర్ వచ్చాడు. వస్తే కాంక్రీటు పోయడానికి చెక్కలు బిగించే సెంట్రింగు పనిలో వేశారు. నాలుగేళ్ళ తర్వాత ఎలాగో మా కార్ఖానాకు మారాడు. "నాలుగేండ్లు కట్టెను మేకులు గొట్టి సంపుడే అయ్యిందమ్మా," అనేవాడు. "గీ కార్ఖాన్ల అడుగువెట్టిన దినం టేకు పొట్టు వాసన ఒచ్చింది. ఏడ్చిన. ఎవ్వలకు జెప్పకు."

నేను కొలతల కోసం వారానికి రెండుసార్లు పికప్‌లో తోటకు వెళ్ళేదాన్ని. మొదట లేచింది పెద్ద గది. యూహా తాత దుంగ మీద దుంగ, మూలల్లో ఒకదానికొకటి కొరికి పట్టుకునేలా గాట్లు చెక్కి పేర్చుకుంటూ పోయాడు. తలుపుకు ఖాళీ లేదు, కిటికీకి ఖాళీ లేదు. నాలుగు వైపులా నిండు గోడ. లోపలికి పోవాలంటే నిచ్చెన ఎక్కి దూకాలి.

లింబాద్రి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "ఎలుకకు గూడ తొవ్వ లేదు. తాత గిది ఇల్లనుకుంటుండా, గోలెమనుకుంటుండా?"

"తర్వాత కోస్తాడట," అన్నాను.

"మంచిగున్న గోడకు రంపం వెడ్తడా? మా అవ్వకు గల్ఫంత దుబాయే. ఫోన్ జేసి దుబాయ్‌ల మొద్దుల్తోని ఇల్లు గడ్తున్నం అన్న. 'అయ్యో కొడుకా, ఆడ సిమెంటు దొరుకుతలేదా' అన్నది. ఇగ దర్వాజ గూడ లేదంటె నన్ను పిచ్చి దవఖాన్ల ఎయ్యిమంటది."

గోడ పూర్తయిన రోజు యూహా తాత ఒక స్టూలు తీసుకుని నిచ్చెన మీదుగా లోపలికి దిగాడు. ఆ చీకటి గదిలో ఒకచోట కూర్చున్నాడు, లేచి మరోచోట కూర్చున్నాడు. ఒక పూటంతా అదే పని. తర్వాత సుద్దముక్కతో గోడ మీద నాలుగు గీతలు గీసి, మోటారు రంపం తీసుకుని కోశాడు. దుంగల ముక్కలు బయటికి పడ్డాయి. లోపలికి వెలుగు పడింది. పచ్చి దేవదారు వాసన ఆ తోటంతా నిండింది. నేను ఆ వెలుగులో చేయి పెట్టి చూసుకున్నాను.

ఆయన తనకొచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషులో నాకు ఒక విషయం చాలా స్పష్టంగా చెప్పాడు. దుంగలు ఏళ్ళ తరబడి ఎండుతూ సన్నబడతాయి, గోడ మొత్తం కిందికి దిగుతుంది. అందుకే కిటికీ చట్రం పైన నాలుగు వేళ్ళ ఖాళీ వదలాలి. చట్రాన్ని దుంగలకు మేకులతో బిగించకూడదు, నిలువు గాడిలో వదులుగా నిలబెట్టాలి. గోడ దిగుతుంటే చట్రం దానికి అడ్డం రాకూడదు. నేను తల ఊపాను. నోటు పుస్తకంలో రాసుకున్నాను కూడా.

నేను గీసిన గీత

పెద్ద గది పక్కన అమ్మగారి గది ఒకటి మిగిలింది. దాని దుంగలు ఉన్న కంటైనర్ ఆలస్యమైంది. అవి వచ్చేసరికి యూహా తాత వీసా గడువు అయిపోయి వెళ్ళిపోయాడు. మా ఇంజనీర్ మునీర్ గారు నన్ను పిలిచి, "నువ్వు అంతా చూశావు కదా. డ్రాయింగ్ గీసి లింబాద్రికి ఇచ్చెయ్. యల్లా, త్వరగా కానియ్," అన్నాడు.

మునీర్ గారి గురించి నిజం చెప్పాలి. గట్టిగా అరిచేవాడు, డ్రాయింగు నిదానంగా చూసే ఓపిక లేనివాడు. కానీ ఒక ఆడమనిషిని, అందులోనూ డిగ్రీ లేనిదాన్ని, చేతిపని చూసి ఉద్యోగంలో పెట్టుకున్నది ఆయనే. ఆ రుణం నేను మరచిపోను.

డ్రాయింగు బల్ల దగ్గర లింబాద్రి, నేను మాట్లాడుకున్నాం.

"అమ్మా, మనమన్న దర్వాజ ముందు నిలవెడ్దాం," అన్నాడు. "మా దిక్కు దర్వాజ నిలవెట్టంది గోడ లేవది."

"మా వైపూ అంతే లింబాద్రి గారూ. మరి ఆ తాత గోడ దిగుతుందన్నాడు కదా."

"గది ఆల్ల మంచు దేశంల. గీ ఎండకు ఈడికొచ్చేలోపల్నే ఎండిపోయినయ్ మొద్దులు. ఇంకేం దిగుతయ్?"

నాకు ఆ మాట నచ్చింది. నచ్చడానికి కారణం అది సబబుగా ఉండటం కాదు, మా నాన్నగారి పద్ధతిలా ఉండటం. నోటు పుస్తకం పక్కనే ఉంది. తెరవలేదు. తలుపు ఒకటి, కిటికీలు రెండు, చట్రాలు ముందుగా నిలబెట్టి, వాటికి ఆనించి దుంగలు పేర్చి, గట్టిగా మేకులు కొట్టేలా గీశాను. కిటికీ అడుగు నేల నుంచి మూడడుగుల ఎత్తు. అన్ని ఇళ్ళకూ అంతే గీసేదాన్ని.

ద్వారబంధం నిలబెట్టిన రోజు నా సంచిలో పసుపు, కుంకుమ పొట్లాలు ఉన్నాయి. ఎవరూ చూడకుండా గడప అడుగు చెక్కకు కాస్త రాశాం. లింబాద్రి కళ్ళు మూసుకుని ఏదో అనుకున్నాడు. నేనూ దండం పెట్టుకున్నాను. ఖతర్ వచ్చి ఏడేళ్ళకు మొదటిసారి మా ఊరి గుమ్మం ముందు నిలబడ్డట్టు అనిపించింది. ఆ సంతోషంలో నా పొరపాటు నాకు కనబడలేదు. మీకు చెబుతున్నాను, పని చేస్తుండగా మనసు మరీ నిండిపోయినప్పుడు ఇంకోసారి కొలత చూసుకోండి.

రెండు రోజులు

ఇల్లు అప్పగించారు. ఎండాకాలమంతా గదుల్లో ఏసీలు పగలూ రాత్రీ నడిచాయి. దుంగలు యూహా తాత చెప్పినట్టే ఎండాయి. పెద్ద గది నిశ్శబ్దంగా మూడు వేళ్ళు కిందికి దిగి కుదురుకుంది. అమ్మగారి గదిలో మాత్రం కిటికీల మీది దుంగలు చట్రాలెక్కి కూర్చున్నాయి. పక్కనున్న చిన్న దుంగలు ఎండి దిగిపోయాయి. మధ్యలో చేయి దూరేంత సందులు పడ్డాయి. ఇసుక గాలి వచ్చిన రోజు అర్బాబు తల్లి, ఆ పెద్దామె, పడక మీద దుప్పటి రంగు తెలియలేదట. ఒక కిటికీ అద్దం బరువుకు అడ్డంగా పగిలింది.

శనివారం పొద్దున మునీర్ గారు కార్ఖానా మధ్యలో అందరినీ నిలబెట్టాడు. "చట్రం ముందు పెట్టమని ఎవరు చెప్పారు?" అని హిందీలో అడిగాడు.

లింబాద్రి నేల చూస్తూ నిలబడ్డాడు. నా డ్రాయింగు నా బల్ల సొరుగులో ఉంది. ఆఫీసు కాపీ చూసే అలవాటు మునీర్ గారికి లేదని నాకు తెలుసు. వడ్రంగి తన ఇష్టప్రకారం చేశాడని ఆయన ముందే అనుకున్నాడు.

"మాట్లాడవేం? వీసా క్యాన్సిల్. ఖలాస్."

నేను మాట్లాడలేదు.

మధ్యాహ్నం లింబాద్రి పనిముట్లు తుడుచుకుంటుంటే దగ్గరికి వెళ్ళాను. "నా డ్రాయింగని ఎందుకు చెప్పలేదు?" అన్నాను. సిగ్గులేని ప్రశ్న అది. చెప్పాల్సినదాన్ని నేను.

"కాయిదం నీదే కావచ్చు, మాట నాదేనాయె," అన్నాడు. "నీ పేరెందుకమ్మా మధ్యల?"

"ఇప్పుడేం చేస్తారు?"

"ఏం జేస్త. ఊర్లె కట్టె పని లేదు. మల్ల ఎవడన్న సెంట్రింగుల వెడితె పోవుడే." ఉలి అంచును బొటనవేలితో చూసుకుని గుడ్డలో చుట్టాడు.

ఆ సాయంత్రం అల్మారా తలుపు తీసి దీపం పెట్టబోతే అగ్గిపుల్ల వెలిగించలేకపోయాను. మావారు కారణం అడిగితే చెప్పాను. "నిన్ను కూడా తీసేస్తారేమో," అన్నారు. మళ్ళీ ఆయనే, "తీసేస్తే తీసేయనీ, వెళ్ళి చెప్పు," అన్నారు. ఆదివారం కూడా వెళ్ళలేదు. తలనొప్పి అని ఇంట్లోనే ఉండిపోయాను.

సోమవారం పొద్దున డ్రాయింగు తీసుకెళ్ళి మునీర్ గారి బల్ల మీద పరిచాను. కింద నా సంతకం ఉంది. ఆయన వంగి సంతకం చదివాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"శనివారం ఎందుకు చెప్పలేదు?"

"భయపడ్డాను."

"నిన్న మధ్యాహ్నం కాగితాలు వెళ్ళిపోయాయి. ఇక మాఫీ ఫాయిదా, లాభం లేదు. ఇప్పుడు వెనక్కి తెప్పించే వీలు నా చేతిలో లేదు." డ్రాయింగును చుట్టి నాకే ఇచ్చాడు. "నువ్వు ఉండు. నాకు గీసే మనిషి కావాలి. ఆ గది బాగుచెయ్యి."

"ఎవరితో?"

"టికెట్ వచ్చేదాకా లింబాద్రి ఇక్కడే ఉంటాడు. అతను ఒప్పుకుంటే అతనితోనే."

పెద్దామె కూర్చున్న చోటు

నేను వెళ్ళి లింబాద్రికి అంతా చెప్పాను. అతను బీడీ ఆర్పి, నా వైపు చూడకుండా అన్నాడు. "రెండు దినాలు ముంగట చెప్తె బాగుండు అమ్మా." తర్వాత లేచాడు. "అయినా చెప్పినవ్. పా, బండెక్కు. టికెట్ వచ్చే దాంక చేతులు కట్టుకొని కూసుంట నేను?"

ఎనిమిది రోజులు పని చేశాం. జాకీలు పెట్టి పై దుంగలను ఎత్తి పట్టుకుని, మేకులన్నీ పీకి, చట్రాలు బయటికి తీశాడు. జాకీలను పూటకు కాస్త చొప్పున దించుతూ గోడను దానంతట దాన్ని కూర్చోనిచ్చాడు. నోటు పుస్తకం తెరిచి నేను చదువుతుంటే అతను వింటూ గాడులు చెక్కాడు. ఆ ఎనిమిది రోజుల్లో నేను నేర్చుకున్న వడ్రంగం అంతకు ముందు ఏడేళ్ళలో నేర్చుకోలేదు. దుంగ ఎటు పగులుతుందో తట్టి వినమనేవాడు. నాకు వినబడేది కాదు. మళ్ళీ తట్టేవాడు.

గోడ కుదురుకున్నాక వంకరపోయిన కిటికీ ఖాళీల అంచులు మళ్ళీ కోయాలి. ఆ రోజు పెద్దామె కర్ర పట్టుకుని వచ్చి, గది మధ్యలో చాప వేయించుకుని కూర్చుంది. పాత కిటికీ ఉన్న చోటు చూపిస్తూ నాతో అరబీలో ఏదో అంది. ఏడేళ్ళ బజారు అరబీతో నాకు అర్థమైంది ఇంతే. "ఈ దరీషాలోంచి నాకు ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు. నేను కుర్చీలో కూర్చునేదాన్ని కాను. సాయంత్రం నా గొర్రెలు గేటులోంచి వచ్చేటప్పుడు లెక్క చూసుకోవాలి."

దరీషా అంటే అక్కడి వాళ్ళ మాటలో కిటికీ. మూడడుగుల ఎత్తు ఎవరి కోసం గీశానో నాకే తెలియదు.

లింబాద్రికి చెప్పాను. అతను వెళ్ళి పెద్దామె పక్కన, చాపకు కాస్త దూరంగా, నేల మీద కూర్చున్నాడు. ఆమె కర్రతో గోడ మీద చూపించింది. "హిని," అంది. ఇక్కడ. అతను వంగి ఆమె కంటి ఎత్తు చూసుకున్నాడు. లేచి సుద్దతో గీసి వెనక్కి తిరిగి చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. "తహత్." కిందికి. మళ్ళీ గీశాడు. నాలుగోసారికి ఆమె నవ్వింది.

"మా అవ్వ గూడ గిట్లనే," అన్నాడు నాతో. "మంచం మీద కూసోదు. గడప పొంటి కూసుంటది."

ఆమెను పక్కకు జరగమని చెప్పి మోటారు రంపం పెట్టాడు. పైనుంచి కిందికి ఒక కోత, మరో కోత. దుంగల ముక్కలు ఒకదాని వెంట ఒకటి బయట ఇసుకలో పడ్డాయి. పొట్టు అతని మీసాల నిండా ఉంది. పెద్దామె తిరిగి వచ్చి చాప మీద కూర్చుంది. ఎండ ఆమె ఒళ్ళో పడింది. ఖర్జూరపు చెట్లు, వాటి వెనక గేటు, గేటు అవతల రోడ్డు అన్నీ ఆమె కళ్ళ ముందుకు వచ్చాయి. ఆమె లోపలి నుంచి పళ్ళెంలో ఖర్జూరాలు తెప్పించి మొదట లింబాద్రి ముందు పెట్టించింది.

చట్రాలు వదులుగా నిలబెట్టి, పైన నాలుగు వేళ్ళ ఖాళీ వదిలి, ఆ ఖాళీలో కొబ్బరి పీచు కూరి, కనబడకుండా పై దుంగకు మాత్రమే ఒక పలక కొట్టాం. ఆఖరి పలక కొట్టిన మూడో రోజు లింబాద్రి విమానం ఎక్కాడు. ఎయిర్‌పోర్టుకు యాదగిరి తీసుకెళ్ళాడు. నేను వెళ్ళలేదు.

తర్వాత

రెండేళ్ళకు తోటవైపు వెళ్ళినప్పుడు చూశాను. గోడ ఇంకో రెండు వేళ్ళు దిగింది. ఒక్క సందు పడలేదు, ఒక్క అద్దం పగల్లేదు. పెద్దామె ఆ కిటికీ దగ్గరే కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టి, "నీ మేస్త్రీ ఏడీ?" అని అడిగింది.

నేను లింబాద్రికి రాసిన ఉత్తరాలకు జవాబు రాలేదు. ఇండియా తిరిగి వచ్చాక ఒకసారి ఆర్మూరు వెళ్ళి, అక్కడి నుంచి ఆటోలో ఆ పల్లెకు పోయాను. ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటావిడ గేటు మీద చేతులు పెట్టి చెప్పింది. "బహ్రెయిన్ పోయిండు అప్పట్ల. సెంట్రింగు పనే దొరికిందట. ఆడికెల్లి యాడికి పోయిండో మాకు తెల్వది." తాళం వేసిన ఆ తలుపు అతను చేసిందే. చూస్తే తెలిసింది. దాని మీద అరచేయి ఆనించి కాసేపు నిలబడి, వచ్చిన ఆటోలోనే వెనక్కి వచ్చాను.

నాకు భగవంతుడు ఏ లోటూ చేయలేదు. ఆ తర్వాత పదహారేళ్ళు చేసిన పని, పెద్దల మెప్పు, ఇప్పుడు కూర్చున్న ఈ మేడ గది, అన్నీ ఆయన దయే. వాటిలో కొంత ఒక మనిషి నా పేరు చెప్పకపోవడం వల్ల నాకు దక్కింది, ఆ పేరు నేను రెండు రోజులు ఆలస్యంగా చెప్పాను. ఈ పనిలోకి వస్తున్న పిల్లలూ, మీ డ్రాయింగులో తప్పుంటే అది తెలిసిన గంటలోనే చెప్పండి. నేను మీకు నేర్పగలిగింది అదొక్కటే.

ఇంకొకటి అడుగుతాను. మీలో ఎవరైనా గల్ఫ్‌లో ఏ సెంట్రింగు సైటులోనైనా, పలకకు మేకు కొట్టేముందు ఒకసారి వేలితో తట్టి వినే పెద్దాయన్ని చూస్తే, పేరు అడగండి. కనబడకపోయినా సరే, మీ మీ దేవుడి ముందు నిలబడ్డప్పుడు నన్ను తలుచుకోనక్కర్లేదు. ఆర్మూరు దగ్గరి వడ్రంగి లింబాద్రిని ఒక్కసారి తలుచుకోండి.